కడలి దాటి వస్తారు.. వారం ఉండి వెళ్తారు

విదేశీ చర్చి బృందాలు, యువజన శిబిరాలు: నాటి చరిత్ర, నేటి నిబంధనలు, ఊరికి మిగిలే ఫలం

పలాస, టెక్కలి: వేసవి సెలవులు మొదలయ్యే నాటికి ఉద్దానం జీడితోటల్లో పిక్కలు ఏరే పని ముమ్మరంగా సాగుతుంటుంది. అదే సమయంలో చర్చిల ఆవరణల్లో షామియానాలు లేస్తాయి. చిన్నారులకు విబిఎస్ తరగతులు, కళాశాల వయసు వారికి యువజన శిబిరాలు నిర్వహించడం తెలుగు క్రైస్తవ సంఘాల్లో ఏళ్ల తరబడి వస్తున్న ఆనవాయితీ. ఇలాంటి శిబిరాలకు కొన్నిచోట్ల విదేశీ సంఘాల నుంచి అతిథులు వస్తుంటారు. పది పన్నెండు మంది బృందంగా వచ్చి, వారం పది రోజులు ఉండి, పిల్లలతో పాటలు పాడించి, ఆటలు ఆడించి, ఫొటోలు దిగి వెళ్తారు.

వచ్చేవారి మనసులో సేవాభావం ఉంటుంది. పిలిచేవారి మనసులో ఆదరణ ఉంటుంది. అయితే అతిథులు ఏ వీసాపై వచ్చారు? వేదికపై ఏం మాట్లాడవచ్చు? వెళ్తూ వెళ్తూ చేతిలో పెట్టిన డబ్బు తీసుకోవచ్చా? పిల్లల బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నలు షామియానా వేసేటప్పుడు గుర్తురావు. చిక్కు వచ్చినప్పుడే గుర్తొస్తాయి. అప్పటికి అతిథులు విమానం ఎక్కి వెళ్లిపోయి ఉంటారు. జవాబు చెప్పుకోవాల్సింది ఇక్కడి పాస్టరు, ఇక్కడి సంఘ పెద్దలు, పిల్లలను పంపిన తల్లిదండ్రులు. అందుకే ఈ ప్రయాణాల తీరుతెన్నులు తెలుసుకోవడం అవసరం. ఈ ప్రాంతానికి సముద్రం దాటి వచ్చిన సేవకు నూటయాభై ఏళ్ల చరిత్ర ఉంది. ఏది నిలిచింది, ఏది నిలవలేదు అన్నది ఆ చరిత్రే చెబుతుంది.

వారం రోజుల సేవాయాత్ర

పాశ్చాత్య దేశాల చర్చిల్లో సభ్యులు కొద్దిరోజుల సెలవు పెట్టి పరదేశానికి వెళ్లి సేవ చేసి రావడాన్ని మిషన్ ట్రిప్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత విమాన ప్రయాణం సామాన్యులకు అందుబాటులోకి రావడంతో ఈ పద్ధతి ఊపందుకుంది. 1957లో జార్జి వెర్వర్ అనే అమెరికా యువకుడు స్నేహితులతో కలిసి మెక్సికోకు చేసిన ప్రయాణం ఆపరేషన్ మొబిలైజేషన్ అనే సంస్థకు బీజమైంది. 1960లో లోరెన్ కన్నింగ్‌హామ్ యువతను దేశదేశాలకు పంపే యూత్ విత్ ఎ మిషన్ సంస్థను స్థాపించారు. అంతవరకు మిషనరీ అంటే జీవితాన్ని ధారపోసే వ్యక్తి. ఆ తరువాత వేసవి సెలవుల్లో వెళ్లివచ్చే విద్యార్థి కూడా ఆ పేరుతోనే బయలుదేరసాగాడు. ఒక్క అమెరికా నుంచే ఏటా సుమారు 16 లక్షల మంది చర్చి సభ్యులు ఇలాంటి విదేశీ యాత్రలకు వెళ్తున్నారని 2000 దశకం మధ్యలో సామాజికవేత్త రాబర్ట్ వుత్నో అంచనా వేశారు.

యాత్ర ఏర్పాట్లు దాదాపు అన్నిచోట్లా ఒకే తీరుగా ఉంటాయి. వెళ్లదలచినవారు బంధుమిత్రులకు ఉత్తరాలు రాసి చందాలు పోగుచేస్తారు. చర్చిలో విందులు, అమ్మకాలు పెట్టి మరికొంత సేకరిస్తారు. కొన్ని వారాలు శిక్షణ పొందుతారు. ఆతిథ్యమిచ్చే సంఘం బస, భోజనం, వాహనం, తర్జుమా చేసేవారిని సిద్ధం చేస్తుంది. ఉత్తరాంధ్రకు వచ్చే బృందాలు సాధారణంగా విశాఖపట్నంలో దిగి, జాతీయ రహదారి మీదుగానో, హౌరా-చెన్నై మార్గంలో రైలెక్కో టెక్కలి, పలాస వైపు వస్తాయి.

శిబిరంలో రోజు ప్రార్థనతో మొదలవుతుంది. పాటలు, బైబిలు కథలు, చిన్న నాటికలు, ఆటలు, చేతిపనులు వరుసగా సాగుతాయి. అతిథి ఒక వాక్యం చెబితే పక్కనున్నవారు తెలుగులో చెప్పాలి. గంట ప్రసంగంలో సగం సమయం తర్జుమాకే పోతుంది. ఆంగ్లంలో తడుముకోకుండా పలకరించడం, కొత్తవారితో బిడియం లేకుండా మెలగడం పల్లె పిల్లలకు దొరికే లాభం. వచ్చిన యువతీయువకులకూ తమ దేశం వెలుపలి జీవితం ప్రత్యక్షంగా తెలుస్తుంది. ఈ రెండు లాభాలూ చిన్నవి కావు. అయితే వీటిని పేదరిక నిర్మూలనగానో, గ్రామాభివృద్ధిగానో లెక్కకట్టినప్పుడే చిక్కు మొదలవుతుంది.

నాడు వచ్చినవారు తెలుగు నేర్చారు

ఉత్తరాంధ్రకు మొదట వచ్చిన ప్రొటెస్టంటు మిషనరీలు లండన్ మిషనరీ సొసైటీ వారు. జార్జి క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరుకున్నారు. వారు ముందు చేసిన పని తెలుగు నేర్చుకోవడం. బైబిలు భాగాలను తెలుగులోకి తెచ్చే ప్రయత్నం కూడా వారితోనే ఇక్కడ ఆరంభమైంది.

శ్రీకాకుళం ప్రాంతంతో ఎక్కువ అనుబంధం పెంచుకున్నది కెనడా బాప్టిస్టు మిషన్. కాకినాడలో సువార్త పని చేస్తున్న తెలుగు క్రైస్తవుడు థామస్ గాబ్రియేలు సహాయం కోరగా, 1874లో జాన్ మెక్‌లారిన్ అక్కడికి చేరుకుని పని చేపట్టారు. అంటే ఆ మిషన్‌ను ఈ నేలకు పిలిచింది తెలుగువాడే. అదే కాలంలో కెనడా తూర్పు తీరంలోని బాప్టిస్టులు పంపిన ఏడుగురు 1873లో సయాం దేశానికి వెళ్లారు. అక్కడ కరెన్ జాతి ప్రజల మధ్య పనిచేయాలన్నది వారి సంకల్పం. పరిస్థితులు అనుకూలించలేదు. తిరిగి వెళ్లిపోకుండా 1875లో తెలుగు నేలకు వచ్చారు. కాకినాడ మిషన్‌తో మాట్లాడుకుని ఉత్తర ప్రాంతాన్ని తాము తీసుకున్నారు. కాలక్రమంలో భీమునిపట్నం, బొబ్బిలి, శ్రీకాకుళం, విజయనగరం, పాలకొండ, పర్లాకిమిడి, టెక్కలి, సోంపేట వారి కేంద్రాలయ్యాయి.

ఈ పనికి డబ్బు ఎక్కడిది? అందులో పెద్ద పాలు మహిళలది. హన్నా మరియా నారిస్ అనే యువతి 1870లో నోవా స్కోషియా ప్రాంతంలో ఊరూరా తిరిగి స్త్రీల మిషన్ సహాయ సంఘాలను నెలకొల్పారు. జాలర్ల ఇళ్లలో, రైతుల ఇళ్లలో ఆడవారు కూడబెట్టిన చిన్న చిన్న చందాలు ఓడలెక్కి ఈ తీరానికి చేరాయి. సముద్రం మీద వలవేసి బతికే ఊళ్లు అక్కడా ఉన్నాయి, ఉద్దానంలోనూ ఉన్నాయి.

ఆ తరం మిషనరీలను జనం దొరలు, దొరసానులు అని పిలిచేవారు. వారు పాలించిన జాతి మనుషుల రంగుతో వచ్చారు. ఆ కాలపు అధికార దర్పం వారి చుట్టూ ఉండేది. ఆ విమర్శలో నిజం ఉంది. అయినా వారిలో పలువురు ఇక్కడి ఎండకు, జ్వరాలకు తట్టుకుని దశాబ్దాలు ఉన్నారు. తెలుగులో బోధించారు. పాఠశాలలు, ఆసుపత్రులు పెట్టారు. వాటిని నడిపే బాధ్యత క్రమంగా స్థానికుల చేతికి వచ్చింది.

పాట మాత్రం మనదే

శిబిరంలో విదేశీ బృందం గిటారు వాయిస్తూ కొత్త పాటలు నేర్పినా, సాయంకాల ప్రార్థనలో పెద్దలు పాడేది ఆంధ్ర క్రైస్తవ కీర్తనలే. వాటిలో అనేకం రాసిన పురుషోత్తమ చౌదరి ఈ ప్రాంతపు మనిషే. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ఆయన 1833లో కటకంలో బాప్తిస్మం పొందారు. కర్ణాటక రాగాల్లో, తెలుగు నుడికారంతో కీర్తనలు రచించారు. కెనడా వారు ఈ తీరంలో అడుగుపెట్టడానికి నలభై ఏళ్ల ముందే ఆయన గొంతు ఇక్కడ వినిపించింది. విశ్వాసం వెలుపలి నుంచి వచ్చినా దానికి భాష, రాగం ఇచ్చింది ఇక్కడివారే అనడానికి ఇంతకు మించిన నిదర్శనం లేదు. వచ్చే అతిథులకు ఈ కీర్తనల్లో ఒకటి నేర్పి పంపగల సంఘం వారికి గొప్ప కానుక ఇచ్చినట్లే.

సోంపేట నుంచి కాల్గరీకి

సముద్రం దాటిన సేవ ఎలా నిలుస్తుందో చెప్పేందుకు ఉద్దానంలోనే ఒక ఉదాహరణ ఉంది. సోంపేటలోని ఆరోగ్యవరం కంటి ఆసుపత్రిలో కెనడా మిషనరీ వైద్యుడు డాక్టర్ బెన్ గల్లిసన్ పనిచేశారు. కంటి శుక్లాలతో చూపు కోల్పోయిన పేదలకు ఆయన శస్త్రచికిత్సలు చేసేవారు. ఆ పని గురించి ఆయన చెప్పగా 1963లో కెనడాలోని కాల్గరీ నగర వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ విన్నారు. కొద్దిపాటి ఖర్చుతో ఒక మనిషికి చూపు తెప్పించవచ్చన్న సంగతి ఆయనను కదిలించింది. మిత్రులను కూడగట్టి విరాళాలు సేకరించి సోంపేటకు పంపారు. ఆ ప్రయత్నమే ఆపరేషన్ ఐసైట్ యూనివర్సల్ అనే సంస్థగా మారింది. కాల్గరీ కేంద్రంగా ఉన్న ఆ సంస్థ భారత్‌తో పాటు నేపాల్‌లోనూ, ఆఫ్రికాలోని పలు దేశాల్లోనూ అంధత్వ నివారణకు పనిచేస్తోంది. ఉద్దానంలో ఒక శస్త్రచికిత్స గదిలో మొదలైన ఆలోచన ఖండాలు దాటింది.

ఇందులో గమనించాల్సిన అంశాలు మూడు ఉన్నాయి. మొదటిది, పని ముందే ఇక్కడ నడుస్తోంది. దాత వచ్చి కొత్తగా మొదలుపెట్టలేదు. రెండోది, పనిచేసే వ్యక్తి ఇక్కడే ఉన్నారు, ఇక్కడి రోగుల మాట వినగలిగారు. మూడోది, సహాయం ఒక్క వేసవితో ఆగలేదు. ఏళ్ల తరబడి సాగింది. వారం రోజుల బృందాన్ని ఆహ్వానించే ఏ సంఘమైనా తన శిబిరాన్ని ఈ మూడు కొలతలతో కొలుచుకోవచ్చు.

తుపాను ఇళ్లు చెప్పిన పాఠం

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. ఏళ్లపాటు పెంచిన చెట్టు ఒక్క రాత్రిలో పోయింది. కొత్తగా నాటిన కొబ్బరి మొక్క కాపుకు రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. ఇలాంటి విపత్తుల తరువాత ఎక్కడెక్కడి నుంచో చేయూత వస్తుంది. చేయూత ఏ రూపంలో రావాలన్నదే అసలు ప్రశ్న.

దీనికి మధ్య అమెరికాలోని హోండురస్ దేశం ఒక సమాధానం ఇచ్చింది. 1998లో మిచ్ తుపాను ఆ దేశాన్ని అతలాకుతలం చేసింది. ఉత్తర అమెరికా చర్చిల నుంచి బృందాలు తరలివెళ్లి స్వహస్తాలతో ఇళ్లు కట్టాయి. అక్కడి స్థానిక క్రైస్తవ సంస్థలూ ఇళ్లు కట్టించాయి. కర్ట్ వెర్ బీక్ అనే పరిశోధకుడు రెండు రకాల ఇళ్లు పొందిన కుటుంబాలను కలిసి వివరాలు సేకరించారు. విదేశీయులు వచ్చి కట్టిన ఇంట్లో ఉన్నవారికీ, స్థానికులు కట్టించిన ఇంట్లో ఉన్నవారికీ జీవితంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఖర్చులో మాత్రం భారీ తేడా ఉంది. స్థానిక సంస్థ ఒక ఇంటిని సుమారు 2,000 డాలర్లతో కట్టగలిగితే, ఒక్కో విదేశీ బృందం ప్రయాణానికి సగటున 30,000 డాలర్ల వరకు వెచ్చించింది. ఆ మొత్తంతో మరెన్నో ఇళ్లు లేచేవి. స్థానిక మేస్త్రీలకు, కూలీలకు పని కూడా దొరికేది.

దీని అర్థం అతిథులు రాకూడదని కాదు. ఇక్కడివారికి చేతనైన పనిని చేయడానికి అక్కడి నుంచి మనుషులు రానక్కర లేదు. గోడకు సున్నం వేయడానికి పలాసలో మనుషులున్నారు. మనుషుల మధ్య పరిచయం, ఇక్కడ దొరకని నైపుణ్యం, తరువాత కూడా కొనసాగే బంధం కోసం వస్తేనే ఆ ఖర్చుకు న్యాయం జరుగుతుంది.

వైద్య శిబిరమైతే మరింత జాగ్రత్త

యువజన శిబిరానికి వచ్చిన బృందంలో వైద్యులో, నర్సులో ఉంటే పక్కనే ఉచిత వైద్య శిబిరం పెట్టాలన్న ఆలోచన సహజంగా వస్తుంది. ఉద్దానంలో ఇది ప్రమాదంతో కూడిన ఆలోచన. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి వేల కుటుంబాలను కుంగదీసింది. పరిశోధనలు ఎన్ని జరిగినా మూలకారణం ఇదీ అని తేలలేదు. వ్యాధి ముదిరేవరకు లక్షణాలు బయటపడకపోవడం దీని స్వభావం.

పొలం పని, తోట పని చేసేవారు వైద్య శిబిరంలో ఎక్కువగా చెప్పేది ఒళ్లు నొప్పులు, నడుం నొప్పి. ఇక్కడి పరిస్థితి తెలియని వైద్యుడు నొప్పి మాత్రలు రాసి ఇచ్చే అవకాశం ఉంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి మరింత హాని చేస్తాయి. రక్తంలో క్రియాటినిన్ పరీక్ష లేకుండా, తరువాత చూసేవారు లేకుండా ఇచ్చిన మాత్రల పొట్లం ఇక్కడ మేలుకన్నా కీడే ఎక్కువ చేయవచ్చు. పైగా విదేశీ వైద్యులు మన దేశంలో రోగులను చూడాలంటే వైద్య మండలి నుంచి తాత్కాలిక అనుమతి పొందాలి. మందుల పెట్టె చేతిలో ఉన్నంత మాత్రాన చికిత్స చేసే హక్కు రాదు.

పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని ఉద్దానానికి తెచ్చే రక్షిత నీటి పథకాన్నీ అదే రోజు ప్రారంభించారు. శిబిరానికి వచ్చిన యువతకు చేయగల మేలు ఏదైనా ఉందంటే, పరీక్ష చేయించుకోవాల్సిన అవసరాన్ని స్థానిక ఆరోగ్య సిబ్బంది చేత వివరంగా చెప్పించడమే.

వీసా ఏం చెబుతోంది?

పర్యాటక వీసాపై వచ్చిన విదేశీయుడు చర్చికి వెళ్లవచ్చు. ఆరాధనలో పాల్గొనవచ్చు. ప్రసంగాలు వినవచ్చు. ఇందుకు అడ్డంకి లేదు. నెల రోజులకు మించని, ఎలాంటి ప్రతిఫలం లేని స్వచ్ఛంద సేవకు ఈ-టూరిస్టు వీసా అవకాశం ఇస్తోంది. అయితే మత సిద్ధాంతాలను బోధించడం, ప్రార్థనా స్థలాల్లో ఉపన్యాసాలు ఇవ్వడం, మత ప్రచార కరపత్రాలు పంచడం, దృశ్య శ్రవణ ప్రదర్శనలు ఇవ్వడం, మతమార్పిడికి పూనుకోవడం నిషిద్ధం. ఇది ఒక్క క్రైస్తవులకు పెట్టిన నియమం కాదు. ఏ మతం వారికైనా ఇదే వర్తిస్తుంది. మిషనరీ పని కోసం వచ్చేవారికి ప్రత్యేకంగా మిషనరీ వీసా ఉంది.

శిబిరంలో ఆచరణలో గీత ఇక్కడే గీయాలి. అతిథి పిల్లలతో వాలీబాల్ ఆడితే చిక్కు లేదు. వేదికెక్కి వాక్యోపదేశం చేస్తే వీసా ఉల్లంఘన అవుతుంది. ఆహ్వాన పత్రికలో, ఫ్లెక్సీలో ‘ముఖ్య ప్రసంగీకులు’ అని పర్యాటక వీసాపై వచ్చిన అతిథి పేరు వేయడమంటే సంఘమే సాక్ష్యం రాసి ఇచ్చినట్లు.

2025 సెప్టెంబరు 1 నుంచి ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం-2025 అమల్లోకి వచ్చింది. 1946 నాటి విదేశీయుల చట్టం సహా నాలుగు పాత చట్టాల స్థానంలో దీన్ని తెచ్చారు. వీసా షరతులను ఉల్లంఘిస్తే మూడేళ్ల వరకు జైలు, 3 లక్షల రూపాయల వరకు జరిమానా విధించే వీలుంది. విదేశీయులకు బస ఇచ్చినవారు 24 గంటల్లో ఆ వివరాలను అధికారులకు ఆన్‌లైన్‌లో తెలపాలి. హోటళ్లకే ఈ బాధ్యత అనుకోవడం పొరపాటు. చర్చి అతిథి గృహానికీ, వసతి గృహానికీ ఇది వర్తిస్తుంది.

విదేశాల్లో స్థిరపడి అక్కడి పౌరసత్వం తీసుకున్న తెలుగువారు ఓసీఐ కార్డుతో వస్తుంటారు. మన మనిషే కదా అని వేదికపైకి పిలిచే అలవాటుంది. 2021 మార్చి 4 నాటి కేంద్ర హోంశాఖ నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ కార్డుదారులు సైతం మిషనరీ కార్యకలాపాలకు ముందుగా ప్రత్యేక అనుమతి పొందాలి.

చేతిలో పెట్టిన డాలరు

శిబిరం ముగిసిన రోజు అతిథులు పాస్టరు చేతిలో ఒక కవరు పెట్టడం మామూలుగా జరిగే పని. చట్టం దృష్టిలో అది విదేశీ విరాళం. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం-2010 ప్రకారం నమోదైన సంస్థ గానీ, ముందస్తు అనుమతి పొందిన సంస్థ గానీ మాత్రమే ఇలాంటి సొమ్ము తీసుకోవాలి. రూపాయల్లో ఇచ్చినా, ఇచ్చిన వ్యక్తి విదేశీయుడైతే అది విదేశీ విరాళమే. నమోదు ఐదేళ్లకు చెల్లుతుంది, తరువాత పునరుద్ధరించుకోవాలి.

2020లో ఈ చట్టాన్ని మరింత కఠినం చేశారు. విరాళం ముందుగా న్యూఢిల్లీలోని భారతీయ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే చేరాలి. పరిపాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. ఒక సంస్థకు వచ్చిన సొమ్మును మరో సంస్థకు బదలాయించడాన్ని నిషేధించారు. పట్టణంలోని పెద్ద సంస్థ ఖాతాలో వేయించుకుని పల్లె సంఘానికి పంచే పాత పద్ధతి దీంతో ఆగిపోయింది.

కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వ్యక్తిగత వాడకానికి ఇచ్చే లక్ష రూపాయల లోపు విలువైన వస్తువు విదేశీ విరాళం కిందకు రాదు. నగదుకు ఈ మినహాయింపు లేదు. భారత పాస్‌పోర్టుతోనే గల్ఫ్ దేశాల్లో పనిచేస్తున్న ఉద్దానం యువకుడు తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా ఊరి చర్చికి పంపే కానుక విదేశీ విరాళం కాదు. అతడు ఎక్కడున్నా భారత పౌరుడే. విదేశీ పౌరసత్వం తీసుకున్న బంధువు సంఘానికి ఇస్తే మాత్రం ఆ నియమాలన్నీ వర్తిస్తాయి.

విదేశీ సొమ్ముపైనే పూర్తిగా ఆధారపడితే ఏమవుతుందో 2017లో దేశం చూసింది. అమెరికాకు చెందిన కంపాషన్ ఇంటర్నేషనల్ సంస్థ నుంచి నిధులు రావాలంటే ముందస్తు అనుమతి తప్పనిసరి అని కేంద్రం 2016లో ఆంక్ష పెట్టింది. మరుసటి ఏడాది మార్చిలో ఆ సంస్థ భారత్‌లో పని ముగించుకుంది. దాదాపు 1,45,000 మంది పిల్లలకు అందుతున్న సహాయం ఆగింది. ఆ నిర్ణయంలో ఎవరిది న్యాయమన్న వాదం అటుంచితే, ఫీజులు, భోజనం ఆగిపోయిన పిల్లల ముందు నిలబడింది స్థానిక సంఘాలే.

సరిహద్దు దాటితే చట్టం మారుతుంది

ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. పర్లాకిమిడి, బరంపురం ప్రాంతాల తెలుగు సంఘాలతో ఇక్కడి వారికి బంధుత్వాలు, రాకపోకలు ఉన్నాయి. వచ్చిన బృందాన్ని ఒక పూట అటు తీసుకెళ్లడం తేలిక. కానీ ఒడిశాలో మతస్వేచ్ఛ చట్టం 1967 నుంచి ఉంది. బలవంతం, ప్రలోభం, మోసంతో మతమార్పిడి చేయడం అక్కడ నేరం. మతస్వేచ్ఛ హక్కు కల్పిస్తున్న రాజ్యాంగం 25వ అధికరణం ప్రకారం మత ప్రచారం చేసుకోవచ్చు గానీ, మరొకరిని మతం మార్చే హక్కు అందులో లేదని సుప్రీంకోర్టు 1977లో స్టానిస్లాస్ కేసులో తీర్పు చెప్పింది. శిబిరంలో పంచే పుస్తకాల సంచి, దుస్తులు ఆదరణతో ఇచ్చినవే అయినా ప్రలోభమన్న ఆరోపణకు తావివ్వవచ్చు.

అపోహలు ఎంత దూరం తీసుకెళ్తాయో కూడా ఒడిశా చూసింది. కియోంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో 1999 జనవరి 22 అర్ధరాత్రి, వార్షిక క్రైస్తవ శిబిరానికి వచ్చి వాహనంలో నిద్రిస్తున్న ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు చిన్న కుమారులను ఒక గుంపు సజీవదహనం చేసింది. ప్రధాన దోషి యావజ్జీవ శిక్షను సుప్రీంకోర్టు 2011లో ఖరారు చేసింది. ఆ ఘాతుకానికి ఏ సాకూ చెల్లదు. అయితే నిబంధనలు పాటించి, పోలీసులకు ముందుగా తెలిపి, ఊరి పెద్దలకు, ఇతర మతస్థులకు కార్యక్రమమేమిటో వివరించి నిర్వహించే శిబిరంపై అనుమానాలకు చోటు తక్కువ. దాపరికం లేకపోవడమే రక్షణ.

పిల్లలు ఎవరి బాధ్యత?

శిబిరంలో రాత్రి బస ఉంటే బాధ్యత రెట్టింపవుతుంది. అతిథి ఎంత గౌరవనీయుడైనా పిల్లలతో ఒంటరిగా ఉండే ఏర్పాటు చేయకూడదు. బాలికల బసకు మహిళా పర్యవేక్షకులు తప్పనిసరి. పోక్సో చట్టం-2012 ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న అనుమానం ఉన్నా పోలీసులకు తెలియజేయాల్సిందే. సంఘం పరువు పోతుందని దాస్తే దాచినవారికీ శిక్ష తప్పదు. పిల్లల సహాయవాణి 1098 నంబరును శిబిరం గోడపై అందరికీ కనిపించేలా రాయాలి.

ఫొటోల విషయంలోనూ ఆలోచించాలి. చినుగు చొక్కాతో ఉన్న పిల్లవాడి ఫొటో కెనడాలోనో, అమెరికాలోనో చందా సేకరణ కరపత్రంపై అచ్చవుతుంది. ఆ పిల్లవాడికీ, తల్లిదండ్రులకూ ఆ సంగతి తెలియదు. పేదరికం సిగ్గుపడాల్సింది కాదు గానీ, చెప్పకుండా ప్రదర్శనకు పెట్టాల్సింది అంతకంటే కాదు. తల్లిదండ్రుల అంగీకారం లేకుండా ఫొటోలు తీయరాదన్న షరతు ఆహ్వాన లేఖలోనే రాయడం మేలు.

పిలిచే ముందు చూసుకోవాల్సినవి

• బృందంలో ప్రతి ఒక్కరి వీసా రకం, గడువు ముందుగా తెప్పించుకుని చూడాలి. మిషనరీ వీసా లేనివారికి ప్రసంగం అప్పగించరాదు.
• బస వివరాలను 24 గంటల్లో నమోదు చేయాలి. స్థానిక పోలీసు స్టేషన్‌కు కార్యక్రమ వివరాలు తెలపాలి.
• విదేశీ విరాళాల నమోదు లేకుంటే నగదు తీసుకోరాదు. వద్దని చెప్పడానికి మొహమాటపడరాదు.
• శిబిరం ఖర్చు ఎంత, ఎవరు భరించారు అన్న లెక్క సంఘ సభ్యుల ముందు చదివి వినిపించాలి.
• పిల్లల వెంట ఎప్పుడూ ఇద్దరు స్థానిక పెద్దలు ఉండాలి. తల్లిదండ్రుల నుంచి రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి.
• వైద్యుల అనుమతి, క్రియాటినిన్ పరీక్ష, తరువాతి పర్యవేక్షణ లేని వైద్య శిబిరం పెట్టరాదు.
• ఏం చేయాలో అతిథులు నిర్ణయించక ముందే, ఏం కావాలో స్థానిక యువతను అడగాలి.

చివరి అంశమే అన్నిటికన్నా ముఖ్యమైనది. ఉద్దానం యువతలో చాలామంది చదువు అయ్యాక పని కోసం ఊరు విడిచి దూర ప్రాంతాలకు, గల్ఫ్ దేశాలకు వెళ్లక తప్పడం లేదు. వారికి కావాల్సింది వారం రోజుల సందడి మాత్రమే కాదు. ఆంగ్లం, కంప్యూటరు, చేతిపని నేర్పే కేంద్రం ఏడాది పొడవునా నడవాలి. విదేశాలకు వెళ్లేవారిని దళారుల మోసం నుంచి కాపాడే సలహా కావాలి. ఇంట్లో కిడ్నీ రోగి ఉన్న విద్యార్థికి చదువు మానకుండా ఆసరా కావాలి. వీటిని నడపగలిగేది ఇక్కడ ఉండేవారే. సముద్రం ఆవలి సంఘాలు, చట్టం అనుమతించిన దారిలో, వారి వెనుక నిలబడగలవు.

అరవై ఏళ్ల కిందట సోంపేట కథ అలాగే మొదలైంది. కాల్గరీ వ్యాపారి ముందు తన ఆలోచన చెప్పలేదు, సోంపేట వైద్యుడి మాట విన్నాడు. షామియానా విప్పాక కూడా ఆ వినికిడి ఆగకపోతేనే వేసవి శిబిరానికి ఫలం దక్కుతుంది.